పేర్లు అయిపోయేదాకా లేవని మనిషి

మా స్నానశాలలో పొయ్యి చూసుకునే కాజితాని నోరు విప్పగా విన్నవాళ్ళు తక్కువ. మా ఊరు చోషి రేవులో పగిలిపోయిన చేపల పెట్టెలు, కూల్చిన ఇళ్ళ దూలాలు తెచ్చి, గొడ్డలితో చీల్చి, మధ్యాహ్నానికల్లా నిప్పు రాజేసేవారు. మూడున్నరకు తలుపు తీసేసరికి తొట్టి నీళ్ళు నలభై మూడు డిగ్రీలు ఉండాలి. ఉండేవి. ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజూ తప్పలేదని మా యజమానురాలు ఫుసా గారు అనేవారు. ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. కనుబొమలు సగం కాలిపోయి ఉండేవి.

నేను డబ్బు తీసుకునే ఎత్తుపీట మీద కూర్చునేదాన్ని. అటు ఆడవాళ్ళ వాకిలి, ఇటు మగవాళ్ళ వాకిలి. హైస్కూలు రెండో ఏడు సెలవుల తర్వాత ఒక పొద్దున బూట్లు తొడుక్కుని గుమ్మంలో కూర్చున్నాను, లేవలేకపోయాను. మర్నాడూ అంతే. తర్వాత అమ్మ నన్ను లేపడం మానేసింది. ఎత్తుపీట మీద మాటలతో పెద్దగా పని లేదు. తువ్వాలు ఇవ్వాలి, చూస్తూ ఉండాలి.

మూడు నెలలకోసారి టీవీలో కార్టూన్ బొమ్మల ధారావాహికలన్నీ ఒకే వారంలో ముగుస్తాయి. ఆ వారం ఫుసా గారు విశ్రాంతి గదిలో ఒక చెక్కపలక వేలాడదీసేవారు. ఎవరికి నచ్చిన మూడింటి పేర్లు వాళ్ళు చీటీ మీద రాసి, ఎందుకు నచ్చాయో ఒక్క వాక్యం జోడించి గుచ్చాలి. సంతకం లేని చీటీ చెల్లదు. గుచ్చినవాళ్ళకి ఒక కాఫీపాల సీసా. ఆ సీసా కోసం జాలర్లు కూడా రాసేవాళ్ళు. ఫుసా గారికి ఆ వేసవిలో ‘దయ్యాల వంటబడి’ నచ్చింది. టాక్సీ నడిపే నెగోరోకి ‘ఇనుప తుమ్మెద’.

“కాజితాని పెద్దాయన చీటీ చదవక్కర్లేదు,” అనేవాడు నెగోరో, తల తుడుచుకుంటూ. “ఈసారి ‘నీటి ఊరి తపాలా’నే. పడవలో ఒక పిల్ల, చేతిలో ఒక ఉత్తరం, అరగంట నీళ్ళు! మందుల షాపులో పెడితే నిద్రమాత్రలెవరూ కొనరు.”

“నీ తుమ్మెద మోతకి చచ్చినవాడు లేచి కూచుంటాడు,” అన్నారు కాజితాని. ఆ నెలలో ఆయన పైకి అన్న మాట అదొక్కటే అనుకుంటాను.

ఆ కథలన్నీ అర్ధరాత్రి దాటాక వచ్చేవి. ఆయన వీడియో టేపు మీద పట్టుకుని, మర్నాడు తలుపు తీయడానికి ముందు విశ్రాంతి గది టీవీలో చూసేవారు. నేను నేల తుడుస్తూ ఆయన్ని చూసేదాన్ని. కథ నడుస్తున్నంతసేపూ గోడకు ఆనుకుని ఉండేవారు. కథ అయిపోయి పాట మొదలై, పనిచేసినవాళ్ళ పేర్లు పైకి జరుగుతుంటే మాత్రం ముందుకు వంగి, రిమోట్ నొక్కి ఆపేవారు. ఆగిన బొమ్మ మీద తెల్ల గీతలు వణికేవి.

జూలైలో ఒక రోజు నేను తుడుపుకర్ర పట్టుకుని వెనకే నిలబడ్డాను. ఆయన తిరక్కుండానే అన్నారు.

“మూడో వరుస. కింద.”

కాజితాని ఓరియె అని ఉంది.

“మా అమ్మాయి. మధ్య బొమ్మలు గీస్తుంది. చెయ్యి ఇక్కడున్నట్టు ఒకరు గీస్తారు, అక్కడికి చేరినట్టు గీస్తారు. ఇక్కణ్ణించి అక్కడికి ఎలా వెళ్ళిందో ఆ నడిమివన్నీ మా అమ్మాయి గీస్తుంది. ఎవరూ చూడరు వాటిని. అవి లేకపోతే చెయ్యి కదలదు.”

అంత పొడుగు మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మిగతాది ముక్కలు ముక్కలుగా తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి బొమ్మల పనికి టోక్యో పోతానన్నప్పుడు ఆయన వద్దన్నారు. అయినా సంచి సర్దుకుంటుంటే, ఆమె చిన్నప్పటినుంచి గీసిన కాగితాల కట్టలన్నీ తెచ్చి స్నానశాల పొయ్యిలో వేశారు. ఆ సాయంత్రం నీళ్ళు బాగా కాగాయని జాలర్లు మెచ్చుకున్నారట. నాలుగేళ్ళయింది. ఫోను నంబరు ఇప్పుడు లేదు. రాసిన ఉత్తరం, ఆ చిరునామాలో అలాంటి మనిషి లేరన్న ముద్రతో తిరిగొచ్చింది. పైకి జరిగే పేర్లలో రెండు క్షణాలు కనబడే ఆ పేరొక్కటే, ఆమె ఎక్కడో కూర్చుని పని చేస్తోందని, తింటోందని, బతికుందని ఆయనకు చెప్పేది.

ఆ వేసవి ఒకటో భాగంలో పేరుంది. మూడులో, ఐదులో, ఆరులో ఉంది. ఎనిమిదిలో ఉంది. తొమ్మిదిలో లేదు. పదిలో లేదు. పదకొండులోనూ లేదు.

“ఆఖరి దానికి అందర్నీ కూచోబెడతారట,” అన్నారాయన. “చేతులు చాలవట. అందులో ఉంటుంది.”

నేను తలూపాను.

ఆఖరి భాగం వచ్చే రోజు పొద్దుటినుంచీ చోషిలో వాన. టేపు పెట్టుకునేవాళ్ళందరికీ తెలిసిన జాగ్రత్త ఒకటుంది. బేస్‌బాల్ ఆట ఉన్న రాత్రి, ఆట సాగితే దాని వెనక వచ్చేవన్నీ ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి అరగంట ఎక్కువ పెట్టుకోవాలి. కాజితాని ఎప్పుడూ పెట్టేవారు. ఆ రోజు ఆకాశం చూసి, ఈ వానలో ఆటేమిటి అనుకుని, ఉన్న సమయానికే పెట్టి పడుకున్నారు. ఆట పైకప్పున్న మైదానంలో జరిగింది. అదనపు వంతుల్లోకి పోయి పావుగంట సాగింది. ఆయన టేపు, పడవ రేవు చేరకముందే తెగిపోయింది.

మర్నాడు ఎత్తుపీట దగ్గరికొచ్చారు. చేతులకు మసి అలాగే ఉంది.

“తమాకీ, నువ్వు పెట్టుకుంటావు కదా. అరగంట ఎక్కువే పెట్టుంటావు. ఒక్కసారి ఇస్తావా?”

నేను అరగంట ఎక్కువే పెట్టాను. చూశాను. పేర్లు నాలుగుసార్లు ఆపి ఆపి చూశాను. ఓరియె లేదు.

“నాదీ తెగిపోయింది,” అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. “వానకి మోసపోయావా నువ్వు కూడా,” అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే ఆయన చీటీ పలక మీదికెక్కింది. మూడు పేర్లు లేవు, ఒక్కటే ఉంది, ‘నీటి ఊరి తపాలా’. కింద వాక్యం, ‘ఆఖరు చూడలేదు. మా అమ్మాయి గీసింది.’

నెగోరో అది చదివి, సీసా మూత తీయడం మర్చిపోయి నిలబడ్డాడు. “నేను మూడు నెలలు ఆ పిల్ల పని మీద ఉమ్మేశాను కదా,” అన్నాడు ఫుసా గారితో. “ఒక్కళ్ళైనా నా నోరు మూయించకూడదూ?”

మూడో రోజు నాలుగు గంటలకు వాన నీళ్ళు కారుతూ వచ్చాడు. టాక్సీ ఎక్కిన కాలేజీ కుర్రాళ్ళందరినీ అడిగి, ఆఖరికి తోగానె అనే ఊళ్ళో ఒకడి దగ్గర ఆఖరి భాగం పట్టుకున్నాడట. టేపు ఎత్తి చూపించి గది దద్దరిల్లేలా అరిచాడు.

“పెద్దాయన్ని పిలవండి! మసి కడుక్కోనక్కర్లేదు! రండి, అందరూ రండి, మన పొయ్యాయన కూతురి పేరొస్తుంది!”

నేను ఎత్తుపీట దిగాను. రెండడుగులు వేశాను. అప్పటికే పొయ్యిగది తలుపు తీసుకుని కాజితాని వచ్చేశారు. చెప్పాల్సింది మొన్న, ఆయన అడిగినప్పుడు.

తువ్వాళ్ళు చుట్టుకున్న ఏడెనిమిది మంది టీవీ ముందు కూర్చున్నారు. పడవ రేవు చేరింది. పిల్ల ఆఖరి ఉత్తరం ఇచ్చింది. ఫుసా గారు ముక్కు చీదారు. పాట మొదలైంది. కాజితాని ముందుకు వంగారు.

పేర్లు జరిగాయి. అయిపోయాయి.

“ఏదీ? నేను చూడనే లేదు, వేగంగా పోయింది,” అన్నాడు నెగోరో. “వెనక్కి తిప్పండి, పెద్దాయనా.”

ఆయన తిప్పారు. మళ్ళీ చూశారు. లోపలినుంచి ఎవరో జాలరి కేక వేశాడు, “నీళ్ళు చల్లబడుతున్నాయ్!” ఆయన వినలేదు. మూడోసారి తిప్పి, ఒకచోట ఆపారు. గీతలు వణుకుతున్న తెర మీద మసివేలు పెట్టారు.

“అదిగో. నాలుగో వరుస.”

“ఇంటిపేరు వేరుగా ఉందే?”

“పనికి వేరే పేరు పెట్టుకుంది.”

నెగోరో చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఫుసా గారు ఆయన చేతిలో పాల సీసా పెట్టారు. ఆయన తల వంచి అందరికీ కృతజ్ఞత చెప్పి, సీసాతోనే పొయ్యిగదికి వెళ్ళారు. వెళ్తూ నా వైపు చూశారు, ఒక్కసారే.

కాసేపటికి నేనూ వెళ్ళాను. ఆయన పీట మీద కూర్చున్నారు. పొయ్యిలో మంట తగ్గి నిప్పుకణికలే మిగిలాయి. పక్కనే కట్టెలున్నా వేయడం లేదు.

“నీ టేపు తెగలేదు కదూ?”

“తెగలేదు.”

“ఎన్నిసార్లు చూశావు?”

“నాలుగుసార్లు.”

“నాలుగుసార్లూ లేదా?”

“లేదు.”

ఆయన సీసాను అటూ ఇటూ తిప్పారు. మూత తీయలేదు.

“ఆ రోజే చెప్పుంటే ఇక్కడే, ఈ పొయ్యి ముందే వినేవాణ్ణి కదమ్మా. ఇప్పుడు చూడు, అంతమందికీ అబద్ధం చెప్పాను. నేను వేలు పెట్టిన ఆ పేరెవరిదో. ఎవరి కూతురో. వాళ్ళ నాన్న కూడా ఎక్కడో చూస్తుంటాడు.”

“క్షమించండి,” అన్నాను.

“నీ చీటీ ఇంకా పెట్టలేదేం?”

జేబులోంచి తీసి ఇచ్చాను. రెండు రోజులుగా అక్కడే ఉంది. మొదటి పేరు అదే. కింద రాశాను, ‘ఎనిమిదో భాగంలో, ఉత్తరం అందించడానికి ఆ పిల్ల చెయ్యి చాపినప్పుడు, ఆ చెయ్యి నెమ్మదిగా వెళ్ళింది.’

ఆయన నిప్పు వెలుగులో పట్టుకుని చదివారు.

“అది మా అమ్మాయి గీసిందేనని ఏముంది?”

“తెలీదు.”

ఆయన చీటీ మడిచి, నాకివ్వకుండా జేబులో పెట్టుకున్నారు. నాకు పాల సీసా దక్కలేదు, పలక మీద నా పేరూ లేదు.

లోపలినుంచి మళ్ళీ కేకలు. “పెద్దాయనా! చచ్చిపోయావా ఏం? చేపల్లా చల్లగా నిలవ చేస్తున్నావా మమ్మల్ని?”

ఆయన లేవలేదు. నీళ్ళ వేడి చూపే మీటరు ముల్లు నలభై దగ్గరుంది. నేను వంగి, చేపల పెట్టె చెక్కలు రెండు తీసి పొయ్యిలో పెట్టాను. ఎలా పెట్టాలో నాకు రాదు. పొగ వెనక్కి కొట్టింది. ఆయన కూర్చున్నచోటినుంచే అన్నారు.

“అడ్డంగా కాదు. నిలువుగా పెట్టు.”