మూడు నెలల సూది

మా అత్త సంతోషం చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "ఒసే, ఈ నెల కూడా బైట కూకోలేదు గదే!" అంది, పెరట్లో అంట్లు తోముతున్న నన్ను ఎగాదిగా చూసి. నేను తల వంచుకున్నాను. సిగ్గనుకుంది. మధ్యాహ్నానికల్లా మాడుగుల హల్వా తెప్పించి ఇరుగుపొరుగుకి పంచేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అదే. నవ్వొచ్చే మాటే గాని, ఆ పూట నాకు నవ్వు రాలేదు.

అసలు సంగతేమిటంటే, పిల్లలు పుట్టకుండా నేను మూడు నెలలకోసారి సూది వేయించుకుంటున్నాను, చోడవరంలో ఒక ఆస్పత్రిలో. దానివల్ల కొందరికి ముట్టు ఆగిపోతుందని, భయపడొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. మా ఇంట్లో నా నెల లెక్క నాకంటే అత్తకే బాగా తెలుసని పాపం ఆవిడకేం తెలుసు! ఇద్దరు ఆడపిల్లల తర్వాత ఆపరేషన్ అంటే మా ఆయన ఇంతెత్తున లేచాడు. మగపిల్లాడు పుట్టేదాకా ఆ మాట ఎత్తొద్దన్నాడు. రెండో కాన్పులో రక్తం ఆగక నేను చచ్చి బతికాను. ఇంకో కాన్పు ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పినా ఆయన చెవికెక్కలేదు. సూదైతే ఒంటి మీద గుర్తుండదని ఎవరికీ చెప్పకుండా ఆ దారి పట్టాను.

మర్నాడే "డాక్టరమ్మకి సూపించేద్దాం" అని అత్త నన్ను షేర్ ఆటో ఎక్కించింది. రోలుగుంట నుంచి చోడవరం దాకా నా చెయ్యి వదల్లేదు. చెరుకు ట్రాక్టరు అడ్డమొచ్చి ఆటో ఆగినప్పుడల్లా దిగి పారిపోదామనిపించింది. ఈవిడకి తెలిస్తే ఆయనకి తెలుస్తుంది. తర్వాతి సూది పడదు. ఈసారి కడుపొస్తే నా పిల్లలకి తల్లుండదు.

తీసుకెళ్లింది నేను సూది వేయించుకునే ఆస్పత్రికే. నర్సమ్మ నన్ను చూడగానే, "అప్పుడే వచ్చీసేవేటమ్మా? నీ సూదికింకా వారముంది గదా!" అంది.

అత్త నా చెయ్యి వదిలేసింది. "ఏ సూదే?"

అబద్ధమాడే ఓపిక లేకపోయింది. కోపం కూడా వచ్చింది. "పిల్లలు పుట్టకుండా ఏసే సూది. రెండో కానుపులో నా కింద గుడ్డలు మార్సింది నువ్వే కదత్తా. మల్లీ మార్సాలనుందా? సెప్పు" అన్నాను, అందరూ వింటుండగానే.

ఆవిడ వెనక్కి తిరిగి ఆటోల వైపు నడిచింది. నాలుగు తిట్టినా నాకింత భయముండేది కాదు. వచ్చేటప్పుడు ఆటోలో ఎదురు సీట్లో మొహం తిప్పుకుని కూర్చుంది.

సాయంత్రం మా ఆయన చెరుకు తోట నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా "ఏటన్నారమ్మా?" అని అడిగాడు. పొయ్యి దగ్గర నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"కడుపూ నేదు, ఏటీ నేదు. దీనికి ఒంట్లో రగతం సాలదంట" అంది అత్త, నా వైపు చూడకుండా. "మూడు నెల్లకో సూది ఏయించాలంట. నానే తీసుకెల్తాను."