శీలావతికి పదకొండు సంబంధాలు

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. ఇవ్వరా? పోనీలెండి, నవ్వుకోండి. ఏలూరులో ఇప్పటికే సగం మంది నవ్వేశారు, మీకు మాత్రం లోటెందుకు! మొన్నామధ్య మండవల్లిలో, చెరువు గట్టు మీద, నా మూలంగా ఒక చేపకి పెళ్ళిచూపులు జరిగాయండీ. అవును, చేపకే! పళ్ళు, పూలు, ప్రార్థనతో సహా.

పవర్‌పేటలో నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉందని తెలుసుగా. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, బయట "వెబ్‌సైట్లు తయారు చేయబడును" అని బోర్డు. బోర్డు పెట్టి ఏడాదైంది, చేయించుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అలాంటి టైములో ఏసుపాదం మాస్టారు వచ్చారు. నాకు ఆరో తరగతిలో సైన్సు చెప్పారు. రిటైరయ్యాక మండవల్లి దగ్గర తన పొలం చెరువు చేసి, చేపపిల్లల్ని పెంచి రైతులకి అమ్ముతున్నారు. అదీ శీలావతి. మనం పులుసుకి కొనుక్కుంటామే, ఆ చేపే.

"అమ్మాయ్, ఎప్పుడూ పట్టుకెళ్ళే ఆయన ఈసారి రాలేదమ్మా," అన్నారు. "పిల్ల ఎదుగుతోంది, చెరువు ఇరుకైపోతోంది. మబ్బు పడితే చాలు, తెల్లారేసరికి గాలి చాలక పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే మొత్తం చచ్చి తేలిపోతాయి. ఆ ఇంటర్నెట్టేదో చేస్తే కొనేవాళ్ళు దొరుకుతారంటగా?"

మొక్కకి సూర్యరశ్మి ఎందుకో నాకు నేర్పిన మనిషి, నా ఎదుట కుర్చీ అంచున కూర్చుని అడుగుతున్నారు. అయినా గొంతులో ధైర్యం తగ్గనిచ్చానా? "మాస్టారండీ, మీరు ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి. పది రోజుల్లో మిమ్మల్ని ఫస్ట్ పేజీలో కూర్చోబెడతాను!" అన్నాను.

సెర్చ్ ఇంజన్ల సంగతి నేను బాగానే చదివానండీ. సూత్రం ఒక్కటే: జనం ఏ మాట కొడతారో ఆ మాటే సైట్లో ఉండాలి. మన రైతులు శీలావతి పిల్లని ఇంగ్లీషులో "రోహు ఫింగర్లింగ్స్" అని కొడతారా? చచ్చినా కొట్టరు! మన వైపు చేపపిల్లని చేపపిల్ల అని కూడా అనరు, ఒట్టి "పిల్ల" అంటారు. "పిల్ల ఎలా ఉంది?" "పిల్ల బాగుందండీ." అంతే కదా. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చ తెలుగు దంచేశాను. శీలావతి పిల్ల, మంచి పిల్ల, ఆరోగ్యమైన పిల్ల, గూడెం పిల్ల, తణుకు పిల్ల! పేజీ కింద తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో ఇవే మాటలు ఇంకో యాభైసార్లు. మనిషికి కనపడవు, సెర్చ్ ఇంజన్‌కి కనపడతాయి. ఎంత తెలివో చూడండి!

మన లింకు ఎన్నిచోట్ల ఉంటే సైటు అంత పైకొస్తుందంటారు. అందుకని ఊరూపేరూ లేని ఫ్రీ లిస్టింగు సైట్లన్నిటికీ వివరాలు పంపేశాను. మా లైను స్పీడుకి చేప ఫొటో ఎక్కలేదు. పోతేపోయిందిలే, పేరూ ఫోన్ నంబరూ ఎక్కాయిగా అనుకున్నాను. చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ నంబరు కూడా నాదే. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాస్టారు అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు.

వారం తిరక్కుండానే "శీలావతి పిల్ల" అని కొడితే మనమే ఫస్ట్! "మంచి పిల్ల" అని కొట్టినా మనమే! నా సెంటరుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాను. ఆ మధ్యాహ్నమే ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ.

"ఏవండీ, శీలావతి పిల్ల మీ దగ్గరేనాండీ?"

"మా దగ్గరేనండీ!" కాగితం తీశాను.

"పిల్ల ఎలా ఉంటుందండీ?"

"మహా చురుగ్గా ఉంటుందండీ. రోగం రొష్టు ఏమీ లేవు. రంగు కూడా మంచి మెరుపండీ."

"పొడుగో?"

"మూడంగుళాలండీ. ఐదు కూడా ఉంది."

"ఐదూ మూడా! మా వాడికి సరిగ్గా సరిపోతుందండీ."

వాడెవడో అనుకున్నాను గానీ, చెరువు చూసుకునే కొడుకేమోలే అని సరిపెట్టుకున్నాను. "రెండూ ఒకే తల్లి పిల్లలండీ," అన్నాను. కాగితంలో అలాగే ఉంది మరి.

"ఓహో, అక్కచెల్లెళ్ళా! ఇంతకీ ఎవరి తాలూకండీ?"

"ఏసుపాదం మాస్టారని, మిషన్ స్కూల్లో చేసి రిటైరయ్యారండీ."

"అయ్యో, మనవాళ్ళే! ప్రభువే చూపించాడండీ. మాది తాడేపల్లిగూడెం. చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారు?"

"పొద్దున్నే రండి. ఎండెక్కితే పిల్ల పైకి రాదు."

"సిగ్గేమో పాపం," అందావిడ ముద్దుగా. మళ్ళీ, "మీరు శీలావతికి ఏమవుతారండీ?" అని అడిగింది.

భలే తమాషా మనిషి అనుకుని, "నేనే అన్నీ చూసుకుంటున్నానండీ," అన్నాను. మర్నాటికి ఇంకో ఇద్దరు ఫోన్ చేశారు. అందరూ రంగే అడుగుతున్నారు. చేపలంటే జనానికి ఇంత శ్రద్ధ ఉందని నాకు అప్పటిదాకా తెలియదండీ!

గూడెం వాళ్ళు వచ్చే రోజు నేనూ మొదటి బస్సుకే మండవల్లి చేరాను. ఫస్ట్ కస్టమరు కదా! మాస్టారు లుంగీ ఎగ్గట్టి గట్టు మీద నిలబడి ఉన్నారు. వలవాళ్ళు నీళ్ళలో రెడీగా ఉన్నారు. కారు ఆగింది. ముందు పెద్దాయన, తర్వాత పట్టుచీరలో ఆ ఫోనావిడ, వెనకాల ఇస్త్రీ చొక్కాలో ఒక అబ్బాయి. ఆవిడ చేతిలో ఆపిల్ పళ్ళు, మల్లెపూల పొట్లం. చేపలు కొనడానికి మల్లెపూలా? అప్పుడు తగిలిందండీ నాకు మొదటి అనుమానం.

"ముందు ప్రార్థన చేసుకుందామండీ," అన్నారు పెద్దాయన. అందరం కళ్ళు మూసుకున్నాం. "ప్రభువా, ఈ పిల్ల మా ఇంట అడుగుపెట్టి, పిల్లాపాపలతో వర్ధిల్లునట్లు దీవించుము."

"ఆమెన్!" అన్నారు మాస్టారు అందరికంటే గట్టిగా. నా వైపు వంగి, "ఇంత భక్తిగా పిల్లని కొనే రైతుని నేనింతవరకూ చూళ్ళేదమ్మా," అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. నాకు మాత్రం ఫోన్లో ఆవిడన్న మాటలే చెవిలో మోగుతున్నాయి. ఐదూ మూడు, అక్కచెల్లెళ్ళు, సిగ్గు, ఒక్కొక్కటే గుర్తొస్తోంది!

"మరి పిల్ల ఏదండీ?" అందావిడ.

"నీళ్ళలో ఉందండీ," అన్నారు మాస్టారు.

"ఇంత పొద్దున్నే నీళ్ళలోనా!"

"ఎప్పుడూ నీళ్ళలోనే కదండీ ఉండేది. ఒరేయ్, శీలావతిని పైకి లాగండ్రా!"

లాగారు. వల నిండా వెండి మెరుపులు, తపతపా ఎగిరే చేపలు. ఆవిడ చేతిలోంచి మల్లెపూల పొట్లం జారి చెరువులో పడింది. అబ్బాయి మొహం చూడాలి! నేను చేపల మేతకి పెట్టిన తవుడు బస్తాల వెనక నక్కాను గానీ, గట్టు మీద ఇంకో ఆడమనిషి లేదు కాబట్టి ఆవిడ నేరుగా అక్కడికే వచ్చేసింది.

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనామ్మా? ఒకే తల్లి పిల్లలన్నావు కదా!"

"అబద్ధం కాదండీ... నిజంగా ఒకే తల్లండీ," అన్నాను.

ఆవిడ ఇంకేదో అనబోయింది గానీ అంతలోకే పెద్దాయన పంచె పైకి కట్టి గట్టు దిగిపోయారు. ఒక పిల్లని అరచేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి చూశారు. "మాస్టారూ," అన్నారు మెల్లగా, "పిల్ల చాలా బాగుందండీ. మాకు గణపవరం దగ్గర రెండు చెరువులున్నాయి. మంచి పిల్ల దొరక్క ఖాళీగా పడున్నాయి." కొల్లేటి చుట్టుపక్కల పెళ్ళికొడుకు తండ్రికి చెరువు లేకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, ఉంటే వింతేముంది! ఆ వారంలోనే ఆయన సగం పిల్ల తీసుకెళ్ళారు. మిగతా సగం వాళ్ళ బావమరిది పట్టుకెళ్ళాడు. ఖాళీ చెరువు ముందు మాస్టారు నా తల మీద చెయ్యి వేసి, "ఫస్ట్ క్లాసమ్మా!" అన్నారు. ఆరో తరగతిలో కూడా అనలేదు ఆ మాట! నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదేనండీ.

తర్వాత వెతికితే తెలిసింది. ఒక లిస్టింగు సైటువాడు "శీలావతి పిల్ల" అని చూసి, మనల్ని పెళ్ళిసంబంధాల వరసలో పడేశాడు. తీసెయ్యమని రాశాను, ఇంకా తియ్యలేదు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఇప్పటికి పదకొండు సంబంధాలు! బ్యాంకు ఉద్యోగస్తుడొకడు, టీచర్లు ఇద్దరు, భీమవరం డాక్టరు కూడా!

నాకు సంబంధాలు చూసీ చూసీ అలసిపోయిన మా అమ్మ ఇవన్నీ వింటూనే ఉంది. నిన్న కాఫీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి, "ఇంతమంది ఫోన్ చేస్తున్నారు కదే, ఒక్కరైనా నీ గురించి అడిగారా?" అంది.

"ఎందుకడగలేదమ్మా, ప్రతివాళ్ళూ అడిగారు," అన్నాను. "నేను శీలావతికి ఏమవుతానని!"