చందమామ స్టాంపు

మట్టెవాడ పోస్టాఫీసు కౌంటరులో కూర్చునే సలోమికి మధ్యాహ్నానికే గొంతు బొంగురుపోతుంది. ఆధార్ కోసం వచ్చినవాళ్లకు చెప్పిందే చెప్పాలి. వాచిన పాదాలను చెప్పుల్లోంచి తీసి చల్లటి నేలకు ఆనించుకుంటుంది. స్టాంపు అతికించడం, దాని మీద ముద్ర గుద్దడం ఆమె చూడకుండానే జరిగిపోతాయి. మన వ్యోమనౌక చంద్రుడి మీద దిగినందుకు వేసిన ప్రత్యేక స్టాంపులు బల్ల అద్దం కింద ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లు లేరు.

ఆ రోజు చిలుకమ్మ అనే కూలి మనిషి, జైల్లో ఉన్న తమ్ముడికి ఎవరిచేతనో రాయించిన ఉత్తరం తెచ్చింది. సలోమి మామూలు స్టాంపు చింపబోతుంటే ఆమె అద్దం మీద వేలు పెట్టింది.

"గా చందమామది అతికియ్యమ్మా."

"ఏదైనా ఒక్కటేనక్కా. గట్లనే పోతది."

"పొద్దూకకముందే లోపలేసి తాళం పెడ్తరట. చందమామను చూడక ఏండ్లాయెనక్కా అని మొన్న కలిస్తే ఏడ్సిండు."

సలోమి బల్ల అద్దం పైకెత్తింది. చంద్రుడి స్టాంపు తీసి అతికించింది. ముద్ర కోసం అలవాటుగా లేచిన చేయి గాలిలోనే ఆగింది. కళ్లద్దాలు సర్దుకుని, స్టాంపు అంచుకు మాత్రమే తగిలేలా మెల్లగా ఒత్తింది. నల్లసిరా చంద్రుడిని ముట్టలేదు. చిలుకమ్మ అది చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎనుకున్నోళ్లు రాండ్రి," అంది సలోమి, అదే బొంగురు గొంతుతో.