పెంకులు సర్దించని ఏడు

ఇన్నేళ్లుగా ఒక మాట నాలోనే పెట్టుకున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. గుడికి వెళ్లినప్పుడు దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు, ఏదో చుట్టూ తిప్పి చెప్పి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. నేనెవరో మీకు తెలియకపోవడం కూడా నాకు అనుకూలంగానే ఉంది. ఆ సంగతి దాచడం ఎందుకు?

మాది అమలాపురంలో ఒక పాత వీధి. ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. మేం ఆ వీధిలో ఇల్లు కొనుక్కుని వచ్చేసరికే సగం ఇళ్లకు తాళాలు. కాలవలో చెత్త, అరుగుల మీద కుక్కలు. అపార్టుమెంట్లు కట్టే ఒకాయన కారులో వచ్చి, దిగకుండానే ఇళ్లన్నీ చూసుకుని పోతుండేవాడు. ఆ కారు కనిపిస్తే చాలు, ఈ రోజు ఎవరింటికి వచ్చాడా అని కిటికీ సందులోంచి చూసేవాణ్ణి. నాది మొదట్నించీ అనుమానపు బుద్ధి. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే పాలల్లో నీళ్లు ఎక్కువ కలిపాడేమో అనుకునే రకం.

మా పక్కింటి అతని పేరు సత్తిబాబు అనుకోండి. అసలు పేరు అది కాదు. పెళ్లిళ్లకు గుండిగలు, బకెట్లు, షామియానాలు అద్దెకిచ్చేవాడు. భార్య వరలక్ష్మి. వాళ్లకు పిల్లలు లేరు. కడుపు నిలిచినట్టే నిలిచి పోయేదని మా ఆవిడ ఒకసారి చెప్పింది. ఈ వీధిని బాగు చేసుకుందామన్న మాట మొదట అన్నది సత్తిబాబే. తన కూలీలను పెట్టి కాలవ తీయించాడు. అరుగులకు సున్నం వేయించాడు. నేను కాలేజీలో తెలుగు చెప్పినవాణ్ణి కదా, మా వీధి చరిత్ర చెప్పడానికి పనికొచ్చాను. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే కలిశారు. మూతపడిన ఇళ్లలో రెండు మూడు మళ్లీ తెరుచుకున్నాయి. చివరింట్లో అద్దెకు దిగినవాళ్లు టిఫిన్ల హోటలు పెట్టారు. ఆదివారాలు ఎక్కడెక్కడినుంచో కుర్రకారు వచ్చి మా చెక్క స్తంభాల పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవారు. మాకు ఒకటే కట్టుబాటు. మిగిలినవాళ్లకు చెప్పకుండా ఎవరూ ఇల్లు అమ్మకూడదు.

మావి పెంకుటిళ్లు. ఏటా వానలు మొదలవకముందే పనివాళ్లను ఎక్కించి, పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దించుకోవాలి. ఉమ్మడి గోడ మీద రెండు కప్పులూ కలుస్తాయి కాబట్టి ఆనుకున్న ఇళ్లవాళ్లు ఇద్దరూ ఒకేసారి చేయిస్తారు. ఆ ఏడు నేను కబురు చేస్తే సత్తిబాబు, "ఈ ఏటికి వద్దులెండి మాస్టారూ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

వద్దంటాడేమిటి? కూల్చబోయే ఇంటికి ఎవరూ పెంకులు సర్దించరు. మా వీధిలో ఏ ఇల్లు అమ్ముడుపోయినా మొదట కనిపించిన గుర్తు అదే. అక్కణ్ణించి నా బుర్ర ఊరుకోలేదు. సత్తిబాబు గడ్డం పెంచాడు. లోపల ఏదో తొలుస్తుంటేనే కదా మనిషి అలా తయారయ్యేది అనుకున్నాను. భార్యాభర్తలిద్దరూ తెల్లారి బస్సుకు కాకినాడ వెళ్లి వస్తున్నారు. అడిగితే సామాను కొనడానికి అన్నాడు. సామాను కొనడానికి ఆవిడెందుకు? వచ్చేటప్పుడు చేతిలో సంచీ కూడా లేదే? వరలక్ష్మి అరుగు మీదికి రావడం మానేసింది. మొహం చూపించలేకే అనుకున్నాను. ఆఖరికి ఒక రోజు ఆ కారాయన సత్తిబాబు కొట్లో కుర్చీ వేసుకుని కూర్చుని కాఫీ తాగుతూ కనిపించాడు. వాళ్లింట్లో శుభకార్యానికి షామియానా మాట్లాడుకోవడానికి వచ్చాడని తరవాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఇంటి బేరం కుదిరిపోయిందనే అనుకున్నాను.

ఎదురింటి భాస్కరంగారితో అన్నాను. గట్టిగా అనలేదు. "మీకేమైనా తెలుసా, సత్తిబాబు పెంకులు సర్దించడంలేదు" అన్నానంతే. ఆయన నా మొహంలోకి చూశాడు. మిగిలింది ఆయనే పూరించుకున్నాడు. ఇలాంటి మాటలు చెప్పడంలో నాకు మంచి నేర్పు ఉంది. అబద్ధం ఒక్కటీ ఆడలేదు చూడండి. సాయంత్రానికల్లా వీధంతా పాకింది.

ఇంతవరకే అయితే అది తొందరపాటు అని సరిపెట్టుకోవచ్చు. అసలు తప్పు తరవాత జరిగింది.

రెండు మూడు రోజులు పోయాక, పొద్దు వాలే వేళ, నేను పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తుంటే సత్తిబాబు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఆ చూపు చూసి, ఇప్పుడు ఒప్పుకుంటాడు అనుకున్నాను. లోపల కాస్త ఆనందం కూడా కలిగింది.

"మాస్టారూ, ఒక్క మాటండీ. మీ కడుపులో దాచుకోవాలి."

"చెప్పు సత్తిబాబూ."

"మా ఆవిడ నీళ్లోసుకుందండీ. ఇదివరకటి సంగతి మీకు తెలిసిందే కదండీ. కాకినాడ డాక్టరమ్మగారు చాలా జాగర్తగా ఉండమన్నారు. పురుడయ్యేదాకా ఇంటి కప్పు మీద చెయ్యెయ్యొద్దని మా అత్తగారు ఒట్టేయించుకున్నారండీ. అందుకే పెంకుల పని వద్దన్నాను. గడ్డం కూడా అందుకేనండి. బయటికి తెలిస్తే మళ్లీ దిష్టి తగులుద్దని మా ఆవిడ ఒకటే భయం."

నేను ఇంకో మొక్కకు నీళ్లు పోశాను.

"నేను ఇల్లు అమ్మేస్తన్నానని అనుకుంటన్నారంటండీ. ఎవరు పుట్టించేరో మరి. ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు మీరు ఒక్క మాటనండి. సత్తిబాబు అమ్మడు, నాకు తెలుసు అనండి చాలు. కారణం చెప్పొద్దు. మీ మాటైతే కాదనరండి."

"అలాగేలే."

"ఆయ్. మీరున్నారనే నా ధైర్యమండీ."

అతను వెళ్లిపోయాక కూడా నా చేతిలో చెంబు అలాగే ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా ఇల్లు కదపకూడదని నాకు తెలియదా? భర్త క్షౌరం చేయించుకోకూడదని తెలియదా? మా తాతగారు ఈ నియమాలన్నీ శ్లోకాలతో సహా చెప్పేవారు. గడ్డం, పెంకులు, కాకినాడ ప్రయాణాలు, గడప దాటని ఇల్లాలు. అన్నీ నా కళ్లముందే ఉన్నాయి. పిల్లల కోసం మొహం వాచిన ఇంట్లో ఇవన్నీ కనిపిస్తే ఎవరికైనా ఏం తడుతుంది? నాకు మాత్రం బేరం తట్టింది.

అప్పుడైనా సిగ్గుపడ్డానా? పడ్డాను. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇది కూడా నాటకమేమో? నా నోరు కట్టేయడానికి ఇద్దరూ కలిసి అల్లిన కథేమో? నమ్మలేకపోయానని మీతో అంటే నాకు కొంచెం తేలికగా ఉంటుంది. కానీ అది నిజం కాదు. అతని మాట నాకు పూర్తిగా నమ్మకం కలిగించింది. నమ్మకూడదని నేను బలవంతంగా ప్రయత్నించాను, అంతే.

ఆదివారం మా అరుగు మీదే కూర్చున్నాం. భాస్కరంగారు నిలదీశాడు. సత్తిబాబు అమ్మనండీ అన్నాడు. మరి పెంకులెందుకు సర్దించలేదు అని ఒకరు, కాకినాడలో పనేమిటి అని ఇంకొకరు. అతను నావైపు చూశాడు. నేను పళ్లెంలోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకున్నాను. అతను మళ్లీ చూశాడు. నేను దాన్ని నములుతూ వీధిలోకి చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు? నా మాట తప్పని నలుగురిలో తేలిపోతుందనా? అదొక్కటే అయితే ఇంతకాలం నిద్ర పట్టకుండా ఉండేది కాదు. వీధిలో ఏ పని జరిగినా "సత్తిబాబుగారు చేయించేరు" అనేవారు. పుస్తకాలు చదువుకున్నవాణ్ణి, నా పేరు తరవాత వచ్చేది. ఆ రోజు అతను అందరి ముందూ తలదించుకుని కూర్చుంటే చూడ్డానికి నాకు బాగుంది. ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఆ సాయంత్రం నించి వాళ్లింటి వైపు ఎవరూ తొంగి చూడలేదు. ఎవరో వీధి కుళాయి దగ్గర, ఇంట్లో ఉన్న వరలక్ష్మికి వినబడేలా ఏదో అన్నారట. వారం తిరక్కుండా ఆవిణ్ణి రాజోలు, పుట్టింటికి తీసుకుపోయాడు. తరవాత ఒక వ్యానులో గుండిగలు, బకెట్లు వెళ్లిపోయాయి. వెళ్లేముందు సత్తిబాబు మా గుమ్మంలోకి వచ్చి, "వెళ్లొస్తామండీ" అన్నాడు. నన్నేమీ అడగకుండా ఎందుకు వదిలేశాడు? నన్ను కనిపెట్టేశాడా? ఇప్పటికీ తెలియదు.

కొన్ని నెలలకు ఆ ఇల్లు ఆ కారాయనకే అమ్మేశాడు. చూశారా అన్నారు అందరూ. నేనూ అన్నాను. ఉమ్మడి గోడలో వాళ్ల వైపు సగం పొక్లెయినుతో లాగేస్తుంటే మా వంటింట్లో సామాను కిందపడింది. సత్తిబాబే అమ్మినప్పుడు మాకెందుకు ఈ బాధ అని ఇంకొందరు అమ్మేశారు. ఇప్పుడు మా గోడ దగ్గర్నించి వీధి ఆ చివరిదాకా అంతా అపార్టుమెంట్లు. ఇటు వైపు మిగిలిన ఇళ్లు చూడ్డానికి జనం వస్తూనే ఉన్నారు, పాతకాలపు వీధిని కాపాడిన మాస్టారినని నాకు శాలువా కూడా కప్పారు. అటు వైపు ఏమైందండీ అని వాళ్లు అడుగుతారు. ఒకతను ఆశపడి అమ్మేశాడండీ, దాంతో పోయింది అని చెబుతాను. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి ద్రాక్షారామం గుళ్లో తెలిసింది. సత్తిబాబు ఆ పిల్లను ఎత్తుకుని ఎదురుపడ్డాడు. "బాగున్నారా మాస్టారూ" అన్నాడు. పిల్ల చేత నమస్కారం పెట్టించాడు. మర్యాదకు అన్నాడా, దెప్పడానికి అన్నాడా అని ఇంటికొచ్చేదాకా తర్కించుకున్నాను. ఆ పిల్ల పేరేమిటో అడగడం మర్చిపోయాను. మర్చిపోయానా? కాదు. అడిగితే ఇంకాసేపు నిలబడాల్సి వస్తుందని అడగలేదు.

ఇది చదివి మీరు నన్ను క్షమిస్తారని రాయలేదు. క్షమించినా నేను నమ్మను, నా బుద్ధి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రాజోలుకు బస్సులు బోలెడు. చెప్పాల్సిన మనిషి అక్కడ ఉన్నాడు. నేను బస్సు ఎక్కలేదు, మీకు రాస్తూ కూర్చున్నాను. అయినా ఒక్కసారి పూర్తిగా అననివ్వండి. ఇల్లు అమ్మింది సత్తిబాబే. అమ్ముకునేలా చేసింది నేను. అతను అమ్మడని ఆ అరుగు మీద తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.