ముందే వేసిన వేలిముద్రలు

“కిరాయి ముట్టిందని ముద్ర నువ్వే గుద్ది, మళ్ల అడుగుతవేందమ్మా?” అన్నాడు దర్జీ గులాం మొహియుద్దీన్. పంజాగుట్టలో అతని కుట్టు దుకాణం ఉన్న మల్గీ దేవవ్వది. అతను ఆర్నెల్లుగా కిరాయి ఇవ్వడం లేదని కిరాయి వసూలు చేసే ఏజెంటు శివరాములు ఆమెకు చెబుతూ వచ్చాడు. దర్జీ చూపిన ఆరు రసీదుల మీదా ఆమె వేలిముద్రే ఉంది.

రసీదు మీద ముద్ర కోసం నెలనెలా అమీర్‌పేటలోని ఆమె ఇంటి దాకా తిరగలేనని శివరాములు అంటే, అతని నుదుటి నామాన్ని నమ్మి, ఏడాదికని పన్నెండు ఖాళీ రసీదుల మీద ఆమె ముందే ముద్రలు వేసిచ్చింది. నామం జామీను నిలబడదు.

ఆమె నేరుగా శివరాములు ఇంటికి వెళ్లింది.

“దర్జీ ఇయ్యలేదంటివి గద బిడ్డా, నా పన్నెండు రసీదులు నాకియ్యి.”

అతను ఆరే తెచ్చాడు.

“కడమయి నీ దేవుడు తిన్నడా?”

ఇరుగుపొరుగు గుమిగూడేసరికి ముప్పై రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో నెలకు ఎనిమిది చొప్పున ఆర్నెల్ల కిరాయి నలభై ఎనిమిదిలో మిగతా పద్దెనిమిది ఇంకా రావాలి.