దర్జీ పెండ్లాం ఇంట్ల ఉన్నదా

మా ఇంట్లో పేకముక్క పట్టుకోవడమంటే ఆదివారం చర్చి ఎగ్గొట్టినంత పాపం. నాయనమ్మ ట్రంకులోని ఇంగ్లండు పెట్టెకు మాత్రం మాఫీ. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసినప్పుడు, దొరసాని డాక్టరు తన దేశానికి వెళ్లిపోతూ ఇచ్చిన కార్డులవి. వాటిలో రాజూ రాణీ లేరు. దర్జీ, కసాయి, రొట్టెలవాడు, పాలవాడు ఇట్లా రకరకాల పనివాళ్లు, ఒక్కొక్కరికీ ఒక పెండ్లాం, కొడుకు, బిడ్డ. పక్కవాళ్లను అడిగి నలుగురినీ చేరిస్తే ఒక కుటుంబం. "దర్జీ ఇంట్ల ఉన్నడా?" అని మర్యాదగా అడగాలి. ఉంటే ఇచ్చేయాలి, అడిగినవాళ్లదే మళ్లీ వంతు; లేకుంటే "బయటికి వోయిండు" అనాలి. ఉండి లేదన్నవాళ్ల చేత నాయనమ్మ అక్కడికక్కడే క్షమాపణ ప్రార్థన చేయించేది.

క్రిస్మస్ మర్నాడు ఎక్కువ కుటుంబాలు చేర్చినవాళ్లకు పెట్టె ఏడాదిపాటు సొంతం. అందరం బీదర్‌లోనే ఉన్నంతకాలం అది ఎవరింట్లో ఉన్నా ఒకటే. హైదరాబాద్‌లో ఫ్లాట్ల మీద ఫ్లాట్లు లేస్తున్న ఆ రోజుల్లో పెద్దనాన్న కూడా ఒకటి తీసుకుని అటు వెళ్లిపోయాడు. ఆ క్రిస్మస్‌కు పెట్టె కోసమే వచ్చిన పెద్దమ్మ, తన కొడుకు, అంటే మా అన్న, గెలిస్తే పెట్టెను కొత్త షోకేసులో పింగాణీ బొమ్మల పక్కన పెడతానని కనిపించినవాళ్లందరికీ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు, ఏడాదంతా ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే ఎదురుచూసేదాన్ని. షోకేసెక్కిన పెట్టె మళ్లీ చాప మీదికి దిగుతుందా?

ఆటలో అన్నా నాయనమ్మా సమానంగా వచ్చారు. ఇక దర్జీ కుటుంబం ఎవరిదైతే పెట్టె వాళ్లది. దర్జీ, కొడుకు అన్న చేతిలో ఉన్నారు, బిడ్డ నాయనమ్మ చేతిలో. పెండ్లాం నా కాలి కింద ఉంది. ముక్క పోయిందనుకుంటే ఆట చెల్లదు, పెట్టె ఇక్కడే ఉంటుందని నా ఎత్తు.

అన్న నన్ను అడిగాడు. బయటికి వోయిందన్నాను. అందరూ తమ దగ్గరా లేదని చాప అంచులెత్తి వెతుకుతుంటే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తర్వాతి వంతు నాయనమ్మది. ఆమె కళ్లద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది.

"దర్జీ పెండ్లాం ఇంట్ల ఉన్నదా, బిడ్డా?"

అన్నకు అబద్ధం చెప్పగలిగాను కానీ ఆమెకు చెప్పలేకపోయాను. ఉన్నదని కాలు తీశాను. ఏడుపొచ్చింది. నాయనమ్మ ప్రార్థన చేయించలేదు. ముక్క తీసుకుని, వంగిన అంచు సాపు చేసి, అన్న వైపు తిరిగి దర్జీనీ కొడుకునీ వరసగా అడిగి పుచ్చుకుంది. నలుగురూ ఆమె చేతికి చేరారు. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. పెట్టె మళ్లీ ట్రంకులోకి వెళ్లింది.

అన్నకు క్షమాపణ చెప్పి రమ్మంది నాయనమ్మ. వాడు వంటింట్లో పండక్కి చేసిన తీపి గరిజెల డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. నేను నసుగుతూ చెప్పాను.

"నాకెరుకే. నీ కాలు అప్పటిసంది కదలలే," అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. వాడు ఇంకో గరిజె తీసుకుని తలుపు వైపు చూశాడు, వాళ్లమ్మ ఉందేమోనని.

"పెట్టె ఆడికే వస్తే, నన్ను ఈడికి ఎవలు తోల్కొస్తరు?"