గేటు వదిలిన నేరం

మంచిర్యాల నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె అరచేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగాను.

"కోర్టు గేటుకాడ సెక్యూరిటీ పనిచేస్తుంటి. లోపట ఒకడు పెండ్లాం మీదికి కత్తి తీసిండు. ఉరికిపోయి చేతితోనే పట్టుకున్న. తెల్లారి కాంట్రాక్టరు నన్ను పనిలకెళ్లి తీసేసిండు."

"ఎందుకక్కా?"

"గేటు విడిచి లోపటికి ఎందుకు పోయినవన్నడు. మెటల్ డిటెక్టర్ ఖరాబైందని అంతకుముందు ఎంత మొత్తుకున్నా ఇనలే."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఊకున్నవా?" అని అరిచాను. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆమె మాత్రం గొంతు పెంచలేదు. "ఊకుంటనా చెల్లె? ఇయ్యాల గా కోర్టులనే సాక్ష్యం చెప్పాలె. కత్తి సంగతి అడుగుతరు. అది లోపటికి ఎట్లొచ్చిందో గూడ చెప్త."

కరీంనగర్‌లో ఆమె నాకంటే ముందే దిగిపోయింది. ఆ మాట అక్కడ ఎవరైనా విన్నారో లేదో నాకు తెలియదు. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.